కళ్ళు మూసుకుంటే కాళ్ళు కనబడవు

2016 శ్రావణమాసం, ఓ శుక్రవారం. మా ఊరి అమ్మవారి గుడి ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉంది. హారతి ఇస్తున్నారు. అందరితోపాటు నేనూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాను. నా పక్కన మా పాప. అప్పుడు తనకి ఎనిమిదేళ్ళు. తను కూడా చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి నా భుజానికి తగిలింది. అటు ఊగింది, ఇటు ఊగింది. నేను కళ్ళు తెరిచేలోపే ముందు నిలబడ్డావిడ మీద పడిపోయింది.

"అమ్మవారు!" అని ఎవరో అరిచారు. అంతే. ఎవరో పసుపునీళ్ళు తెచ్చి నెత్తిన పోశారు. వేపమండలు వచ్చాయి. ఒకావిడ పాప కాళ్ళు పట్టుకుని తన కూతురికి ఈ ఏడైనా సంబంధం కుదురుతుందా తల్లీ అని అడిగింది. పాప బిక్కచచ్చిపోయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపుని కూడా అమ్మవారి అలకే అనుకున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పిల్లని ఎత్తుకుని బయటికొచ్చేశాను.

పూనకాలంటే నాకు హేళన లేదు. ఊళ్ళో ఒక ఆడది గట్టిగా అరవడానికి, మొగుణ్ణి పేరు పెట్టి నిలదీయడానికి వీలున్నది ఆ కాసేపే అని నాకు తెలుసు. కానీ ఆ రోజు నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు, పాప మీదే. రావిచెట్టు అరుగు మీద కూచోబెట్టి, "నిలబడటం కూడా రాదుటే నీకు? చూసుకోవాలా వద్దా?" అని గట్టిగా కసిరాను.

తడి జుట్టు మొహాన్నుంచి తోసుకుంటూ పాప అంది: "కళ్ళు మూసుకుంటే నా కాళ్ళు ఎక్కడున్నాయో తెలీదమ్మా."

ఆ మాట విని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పటికి క్యాన్సర్ వైద్యం పూర్తయి ఆరు నెలలు. ఆ ఆరు నెలలే కాదు, అంతకుముందు ఏడాదిన్నర నుంచీ తను పడుతూనే ఉంది. నేను తిడుతూనే ఉన్నాను. "ఎందుకు పడ్డావ్" అని కొన్ని వందలసార్లు అడిగుంటాను. అది ప్రశ్న అనుకుని ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు.

మొదట్నుంచీ చెప్తాను. 2013 ఆగస్టులో మొదలైంది. అయిదేళ్ళ పిల్ల. జ్వరం, కాళ్ళనొప్పులు, మొహం పాలిపోవడం. టైఫాయిడన్నారు, ఎదిగే వయసులో నొప్పులన్నారు. నెలన్నర తర్వాత ఖమ్మంలో రక్తపరీక్ష చూసిన డాక్టరు మా మొహాలకేసి చూడకుండా, వెంటనే హైదరాబాదు తీసుకెళ్ళమన్నాడు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ లుకేమియానేనట. అందులో ఈ రకం బాగా నయమయ్యేదట. రెండో మాట మా బంధువులెవరి చెవికీ ఎక్కలేదు. "ఇద్దరిలో ఒకడు మగపిల్లాడున్నాడుగా, వాడి ముఖం చూసుకుని ధైర్యం తెచ్చుకో" అన్నారు. అలా అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. క్యారేజీలు పట్టుకొచ్చినవాళ్ళు, చేబదులు ఇచ్చినవాళ్ళు. నిజంగా ధైర్యం చెప్తున్నామనే అనుకున్నారు.

వార్డులో ఒక రాత్రి నిద్ర పట్టక మంచాలు లెక్కపెట్టాను. 22 మంచాల్లో 15 మంది మగపిల్లలు. మన దేశంలో ఆసుపత్రుల లెక్కలు చూసినా ఇంతే, క్యాన్సర్ వైద్యానికి వచ్చే పిల్లల్లో ఆడపిల్లలు తక్కువ. జబ్బు మగపిల్లలకి కొంచెం ఎక్కువగా రావడం నిజమేనట, కానీ తేడా అంతా దానివల్లే కాదు. మిగిలినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ నులకమంచం మీద ఉండిపోయారో! మా పాప ఆ మంచం మీద ఉండటానికి ఆరోగ్యశ్రీ కార్డు ఒక కారణం. నేను జీతం లేని సెలవు పెట్టి వచ్చేయడం మరొకటి. రెండేళ్ళ కొడుకుని అత్తమ్మ దగ్గర వదిలేశాను. "నీ ఉద్యోగం పోతే పోయింది, పిల్లని బతికించుకురా" అన్నది కూడా ఆవిడే. ఆవిడ గురించి తర్వాత కాస్త కటువుగా రాయాల్సి వస్తుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

వైద్యం రెండున్నరేళ్ళు. వెన్నులో సూదులు, స్టెరాయిడ్లు, నోటినిండా పుళ్ళు... వాటి గురించి రాయను. అందరికీ తెలిసిన కథే. నేను రాయదలుచుకున్నది ఒక్క మందు గురించి. దాని పేరు విన్‌క్రిస్టీన్. మొదటి నెల వారం వారం, తర్వాత విడతలు విడతలుగా నరంలోకి ఎక్కించేవారు. బిళ్ళగన్నేరు మొక్కలోంచి తీస్తారట దాన్ని. మన పెరట్లో, గోరీల పక్కన, రైలు పట్టాల వెంట ఎవరూ నీళ్ళు పోయకుండానే పూసే బిళ్ళగన్నేరు! 1960ల మొదట్నుంచీ పిల్లల లుకేమియాకి ఇస్తున్నారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు దాదాపు అందరూ నెలల్లో పోయేవాళ్ళు. కాబట్టి ఆ మందుని నేనేమీ అనను. ఇంటికొచ్చాక ఆ మొక్కని కుండీలో పెట్టుకున్నాను కూడా.

కానీ అది చేసే పని ఒకటుంది. కణం రెండుగా చీలాలంటే దాని లోపల సన్నటి గొట్టాల్లాంటివి అమరాలి. ఈ మందు వాటిని అమరనివ్వదు. అలా క్యాన్సర్ కణం చస్తుంది. అవే గొట్టాలు నరాల్లోనూ ఉంటాయి. వెన్ను దగ్గర్నుంచి నరం చివరిదాకా సరుకు మోసే పట్టాలు అవే. అవి దెబ్బతింటే ముందు ఇబ్బంది పడేది శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు, అంటే పాదాలకి వెళ్ళేవి. మందు ఆపాక చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఇదంతా నాకు 2016 చివర్లో తెలిసింది. పాప మొదటి సూది వేయించుకున్న మూడేళ్ళకన్నమాట.

ముందే తెలిసుంటే ఏం చూసేదాన్ని? అన్నీ చూశాను, చూడకపోవడం కాదు. ఒక చెప్పుతో ఇంటికొచ్చేది. రెండోది ఎక్కడ జారిపోయిందో తనకి తెలిసేది కాదు. నడుస్తుంటే పాదం నేలమీద టప్ టప్‌మని పడేది. ముందు మడమ ఆనించి తర్వాత వేళ్ళు దించుతాం కదా మనం, తనకి వేళ్ళు పైకి లేచేవే కావు. అడుగు మొత్తం ఒకేసారి కింద పడేది. అత్తమ్మకి ఆ చప్పుడు గిట్టేది కాదు. "ఆడపిల్ల నడిస్తే పక్కగదిలోకి వినపడకూడదు. ఏంటా తొక్కుడు?" అనేది. పాప ఆ చప్పుడు రాకుండా నడవాలని మోకాళ్ళు పైకెత్తి, కొంగలాగా అడుగులేసేది. దానికి ఇంకా నవ్వేవాళ్ళు.

మరొకటి. తను నడిచేటప్పుడు ఎప్పుడూ నేలకేసే చూసేది. పాదాల కబురు మెదడుకి అందనప్పుడు ఆ పని కళ్ళు చేయాలి కదా, అందుకని. కానీ మా వీధిలో పాపకి ఎంత మంచిపేరొచ్చిందో తెలుసా! "ఎంత బుద్ధిమంతురాలు, తలెత్తి చూడదు" అని. నాక్కూడా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది, ఎందుకు దాచడం? జబ్బు లక్షణం ఒకటి మంచి ఆడపిల్ల లక్షణంతో అచ్చుగుద్దినట్టు కలిసిపోతే ఇంక దాన్ని ఎవరు పట్టుకుంటారు? అదే మా అబ్బాయి తలొంచుకుని నడిచుంటే వారంలోగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం.

స్నానాలగదిలో మొహానికి సబ్బు రాసుకుంటూ పడేది. కరెంటు పోతే మంచం దిగేది కాదు. భయస్తురాలన్నాం. బళ్ళో ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టేశారు, "జబ్బుపిల్లకి ఏమైనా అయితే ఎవరిది పూచీ" అని. పిల్లలు కుంటిదనేవాళ్ళట. ఆ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు. మా అబ్బాయి చెప్పాడు.

గుడి సంఘటన తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు పాప అన్న మాట డాక్టరుకి చెప్పాను. ఆయన రక్తపరీక్ష కాగితాల మీంచి తలెత్తి, "మందు ప్రభావం అమ్మా, మెల్లగా తగ్గుతుంది. కౌంట్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టాలని లేదు. బయట వరండాలో అరవై మంది ఉన్నారు. అందులో కొందరి కౌంట్స్ బ్రహ్మాండంగా లేవు. కానీ ఈసారి నేను లేవలేదు. ఏం చెయ్యమంటారని మళ్ళీ అడిగాను. ఆయన ఓ చీటీ రాసిచ్చాడు. వెనకవైపు భవనంలో ఫిజియోథెరపీ గది ఉంది. మూడేళ్ళుగా ఆ భవనం పక్కనుంచే క్యాంటీన్‌కి వెళ్ళొచ్చేదాన్ని.

అక్కడ ఒక చిన్నమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. పాపని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంది. నిలబడింది. ఇప్పుడు కళ్ళు మూసుకోమంది. రెండు క్షణాల్లో ఊగిపోయింది. ఆ అమ్మాయి రెండు చేతులూ చుట్టూ అడ్డంపెట్టి సిద్ధంగానే ఉంది. "దీన్ని రోంబెర్గ్ పరీక్ష అంటారు మేడమ్. 19వ శతాబ్దం నాటిది" అంది. బెర్లిన్‌లో ఆ పేరుగల డాక్టరు, కళ్ళు మూయగానే తూలిపోయే రోగుల్ని చూసి రాసిపెట్టాడట. మా ఊరి గుళ్ళో జరిగింది చెబితే ఆమె నవ్వలేదు. "కరెక్టుగానే టెస్ట్ చేశారు" అంది. నాకే నవ్వొచ్చింది.

తర్వాత ఒంటికాలి మీద నిలబడమంది. పాప నిలబడకుండా నాకేసి చూసింది, ఏం తప్పు చేశానన్నట్టు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. ఎక్కాలు అప్పజెప్పకపోతే పిల్లల్ని ఒంటికాలి మీద నిలబెట్టినదాన్నే. బళ్ళో ఆ భంగిమకి ఉన్న అర్థం అదొక్కటే. ఆ రోజు పాప కుడికాలి మీద మూడు క్షణాలు నిలబడింది, ఎడమకాలి మీద అది కూడా లేదు. ఆ వయసు పిల్లలు చాలామంది పదిదాకా లెక్కపెట్టేంతసేపు సునాయాసంగా నిలబడతారట.

మనం పడిపోకుండా ఉండటానికి మూడు చోట్లనుంచి కబురు అందాలని ఆమె చెప్పింది. కళ్ళనుంచి, చెవి లోపలున్న భాగంనుంచి, పాదాలూ కీళ్ళనుంచి. ఆ మూడింటినీ సరిచూసి ఒళ్ళు నిలబెట్టే పనిలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. పాపకి మూడోది దెబ్బతింది. దానికి తోడు స్టెరాయిడ్ల వల్ల తొడ కండరాలు నీరసించాయి, రెండున్నరేళ్ళు పరుగు లేదు, దూకుడు లేదు. అదే గదిలో ఓ పన్నెండేళ్ళ అబ్బాయి కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వాడికి చిన్నమెదడులోనే గడ్డ. ఆపరేషన్ చేసి తీసేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. వాడికిచ్చిన సిస్‌ప్లాటిన్ అనే మందు వల్ల వినికిడి కూడా తగ్గింది. వాళ్ళమ్మ వాడి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, పెదాలు కదిపి "రా, రా" అంటోంది. ఒక్కో పిల్లకి ఒక్కో చోట దెబ్బ. పడటం మాత్రం ఒకటే. ఆ గదిలో చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళంతా తల్లులే. ఒక తాత ఉన్నాడు. తండ్రులు లేరు. ఉండకూడదని కాదు, కూలికి పోకపోతే తిండి ఎలా? కానీ పిల్ల పడితే "చూసుకోవద్దా" అనేది మాత్రం ఆ తండ్రులే, సాయంత్రం ఫోన్‌లో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఒక లక్ష్యం పెట్టుకుంది. 2030కల్లా ప్రపంచంలో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని. డబ్బున్న దేశాల్లో ఇప్పటికే 80 శాతానికి పైగా బతుకుతున్నారు. మంచిదే. బతికినవాళ్ళు మెట్లు దిగగలుగుతున్నారా, చీకట్లో బాత్రూంకి వెళ్ళగలుగుతున్నారా అన్నది కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా? పాపకి వైకల్య సర్టిఫికెట్ కోసం ఒకసారి క్యాంపుకి వెళ్ళాం. నిలబడమన్నారు, నిలబడింది. నడవమన్నారు, నడిచింది. కళ్ళు తెరుచుకునే కదా! 40 శాతానికి తక్కువన్నారు. అంటే వికలాంగురాలు కాదు. బళ్ళో ఆటల పీరియడ్‌కి మాత్రం పనికిరాదు.

ఫిజియో అమ్మాయి మడమ నరం సాగదీసే వ్యాయామాలు, పాదం జారకుండా రాత్రిపూట కట్టుకునే పట్టీ ఇచ్చింది. గచ్చు గీత మీద మడమకి వేళ్ళు ఆనిస్తూ నడవమంది. పరుపు మీద నిలబడమంది. రోజూ చెయ్యాలంది. పాప నాలుగు రోజులు చేసి మొరాయించింది. మరుసటి నెల అది చెబితే, "మీ ఊళ్ళో పిల్లలు ఒంటికాలి మీద ఆడే ఆటేం లేదా మేడమ్?" అని అడిగింది.

తొక్కుడుబిళ్ళ!

ఆ సాయంత్రమే పెరట్లో సుద్దముక్కతో గడులు గీశాను. పెంకుముక్క విసిరాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కుంటడం మొదలుపెట్టాను. రెండో గడిలోనే తూలి గోడ పట్టుకున్నాను. నాకప్పుడు 36 ఏళ్ళు. ఆఖరిసారి తొక్కుడుబిళ్ళ ఆడింది పన్నెండో ఏట. పెద్దమనిషినయ్యాక మా అమ్మ గంతులు కట్టిపెట్టమంది. అప్పట్నుంచీ ఇరవై నాలుగేళ్ళు నేను ఒంటికాలి మీద నిలబడ్డ గుర్తు లేదు. నాకే మందూ ఎక్కించలేదు. అయినా నా కాళ్ళూ మరిచిపోయాయి.

పాప పడీపడీ నవ్వింది. తర్వాత తనొచ్చింది. మొదట్లో ఒక్క గడి దాటడానికి నా చెయ్యి కావాల్సొచ్చేది. ఎండలు ముదిరేసరికి మూడు గడులు. అత్తమ్మ వరండాలో కూర్చుని, నడి ఇంట్లో ఈడొచ్చిన కోడలు గంతులేమిటని కొన్నాళ్ళు సణిగింది. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి, "గీత తొక్కావు, ఔట్! ఔట్! నేను చూశా" అని కేకేసింది. నన్నే. ఆ రోజునుంచి అంపైర్ ఆవిడే. పాప టప్ టప్‌మంటే, "మడమ ముందు, మడమ ముందు" అనేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ పాప మెట్లు దిగేటప్పుడు ఆ మాట పైకి అనుకుంటుంది.

అంతా బాగయిపోయిందని రాయడం లేదు. పాదాల కింద తిమ్మిరి ఇంకా ఉంది. ఇప్పటికీ చీకట్లో ఫోన్ టార్చి వేసుకునే నడుస్తుంది. స్నానాలగదిలో ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడి లెక్కపెట్టుకుంటుంది. మంచిరోజైతే పంతొమ్మిది దాకా.

నాకు అన్నిటికన్నా కష్టమైంది తొక్కుడుబిళ్ళ కాదు, చెయ్యి వదలడం. "మీరు పట్టుకున్నంతసేపూ ఆ కాళ్ళు మీ చేతినే నమ్ముకుంటాయి. పక్కనుండండి, పట్టుకోకండి" అని ఫిజియో అమ్మాయి రెండేళ్ళు చెబుతూనే ఉంది. ఎలా వదలడం? ఆ చేతికే కదా సెలైన్ సూది గుచ్చుతుంటే రాత్రంతా పట్టుకుని కూర్చున్నాను. పదకొండేళ్ళప్పుడు సైకిల్ కావాలంది. బ్యాలెన్స్ లేదుగా తల్లీ అన్నాను. పన్నెండేళ్ళప్పుడు బడికి ఒక్కతే నడిచి వెళ్తానంది. పడతావు వద్దన్నాను. పదమూడేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి పక్కవీధి బతుకమ్మకి వెళ్తానంటే, చీకట్లో గుండ్రంగా తిరుగుతావు, తూలతావు వద్దన్నాను.

అప్పుడంది: "పక్కింటి అక్కకి కూడా సైకిల్ కొనలేదు కదా. అక్కకి కూడా బ్యాలెన్స్ లేదా?"

ఏం చెప్పను? ఆ పక్కింటి పిల్లకి పన్నెండేళ్ళకే సైకిల్ మానిపించారు. తనని కూడా ఒంటరిగా పంపరు. ఆ పిల్లకి లుకేమియా లేదు. నా భయంలో జబ్బుది ఎంత వాటా, ఆడపిల్ల అన్నదాని వాటా ఎంత అని ఆ రాత్రి కూర్చుని లెక్కవేసుకుందామంటే విడదీయడం నావల్ల కాలేదు. ఇప్పటికీ కాదు. డాక్టర్లు నా చేతికి ఒక మంచి సాకు ఇచ్చారేమో అనిపిస్తుంది. మిగతా తల్లులు ఊరికే "వద్దు" అంటారు. నేను నరాల పేర్లతో సహా వద్దంటాను.

ఆ ఏడు బతుకమ్మకి వెళ్ళింది. నేను దూరంగా నిలబడ్డాను. ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, మరీ చీకటి కాదు. వంగి చప్పట్లు కొట్టి లేచేటప్పుడు రెండుసార్లు తూలింది. రెండుసార్లూ పక్కనున్న పిల్ల నడుం పట్టి ఆపింది, పాట ఆపకుండానే.

చుట్టాలు ఇప్పుడు వేరే రాగం తీస్తున్నారు. "జబ్బు సంగతి బయటపెట్టకండి, నడకలో ఏం తెలియడం లేదుగా, సంబంధాలకి అడ్డమొస్తుంది" అని. జబ్బప్పుడు చూడటానికి వచ్చినవాళ్ళే అంతా. దాచాలంటే ఊరినే దాచాలి! ఇది రాస్తున్నానని పాపతో చెప్పాను. "రాయి, కానీ నా పేరు పెట్టకు. పాప అని మాత్రం అస్సలు రాయకు, పద్దెనిమిదేళ్ళొచ్చాయి" అంది. మొదటి మాట విన్నాను.

ఈ జూన్‌లో డిగ్రీకి హైదరాబాదు వెళ్తోంది, హాస్టల్లో ఉండటానికి. పోయిన నెల అప్లికేషన్ ఇవ్వడానికి ఒక్కతే ఖమ్మం బస్సులో వెళ్ళి, దిగేటప్పుడు పడింది. నాతో చెప్పలేదు. పైజామా ఉతకడానికి నానబెడుతుంటే మోకాలి దగ్గర నెత్తుటి మరక కనిపించింది. అడగబోయి ఆగాను. సాయంత్రం తనే చెప్పింది, బస్సు ఆగకుండానే కండక్టర్ విజిలేశాడనీ, వాణ్ణి నలుగురిలో దులిపేశాననీ. నేనెప్పుడూ ఏ కండక్టర్నీ దులపలేదు.

పెట్టె సర్దుతున్నాం. టార్చి, రెండు జతల వెనక పట్టీ ఉన్న చెప్పులు. స్టూలు నేను పెట్టాను, తను తీసేసింది, మళ్ళీ ఏమనుకుందో తనే పెట్టింది. హాస్టల్లో రెండో అంతస్తు గది ఇచ్చారట. మెట్లకి రెయిలింగ్ ఉందో లేదో, రాత్రి వరండాలో లైటు ఉంటుందో లేదో వార్డెన్‌కి ఫోన్ చేసి అడుగుతానన్నాను. వద్దంది. తనే అడుగుతుందట.